మా ఆడపడుచు ఇచ్చిన జుట్టు

“ఇక నువ్వు రావద్దులే అమ్మాయ్.”

“ఎందుకని వదినా?”

“ఎందుకేంటి? నాకు బాగానే ఉందిగా. వచ్చిన ప్రతిసారీ నా ముఖంలోకే చూస్తా కూర్చుంటావు. నాకు ఊపిరాడదు.”

“సరే వదినా. నీ ఇష్టం.”

తెనాలి స్టేషన్లో, రేపల్లె బండి కిటికీ దగ్గర, నేనూ మా ఆడపడుచూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. ఆమె లోపల కూర్చుంది. నేను ప్లాట్‌ఫారం మీద కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. పట్టుకోకపోతే నడుం నిలవదు, అందుకని పట్టుకున్నాను. ఆమె ప్రేమకొద్దీ అనుకుని నా వేళ్ళ మీద చెయ్యి వేసింది. అప్పుడే ఆ మాట అన్నాను. చెయ్యి తీసేసింది. బండి కదిలేటప్పుడు కొంగు తల మీదికి లాక్కుని అటు తిరిగింది. ఆ కొంగు కింద జుట్టు మెడ కూడా దాటలేదు. ఆ జుట్టును చూడలేకే రావద్దన్నాను. ఆమెకది తెలియదు. నాకు జబ్బు తిరగబెట్టిందన్న సంగతీ తెలియదు.

ఇప్పుడు నేను బాపట్లలో ఉన్నాను, ఆమె కూతురింట్లో. నేను చెబుతుంటే రాస్తున్నదీ ఆ కూతురే. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకుమించి రాదు. “నువ్వు మాట్లాడినట్టే మాట్లాడు అత్తా, నేను సరిచేసి రాస్తాను” అంది. బడిలో పాఠాలు చెప్పే మనిషి, సరిచేయకుండా ఉండలేదు. సరిచెయ్యి గానీ, నేను సిగ్గుపడ్డ చోట ఆ సిగ్గు తీసెయ్యకు అన్నాను.

నందివెలుగులో అత్తగారింటికి నేను కాపురానికి వచ్చేసరికి మా ఆడపడుచు లంగా జాకెట్టు వేసుకుని బడికి పోయే పిల్ల. మా అత్తగారు అప్పటికే లేరు. దువ్వే దిక్కులేక ఆ పిల్ల తల చిక్కులు పడి అట్టకట్టుకుపోయి ఉండేది. కొత్తకోడలిగా నేను చేసిన మొదటి పని వంట కాదు, దాన్ని వాకిట్లో కూర్చోబెట్టి ఈరుపెన్నతో పేలు తీయడం. అది ఏడ్చింది, గిచ్చింది, మా అన్నయ్యతో చెబుతానంది. మర్నాడు తనే దువ్వెన పట్టుకొచ్చి నా ఒళ్ళో పడేసింది. అప్పట్నుంచి పెళ్ళయ్యేదాకా ఆ జుట్టు నా చేతుల్లో పెరిగింది. కుంకుడుకాయలు కొట్టింది నేను, నూనె పెట్టింది నేను. రెండు జడలు ఒక్క జడైంది, జడ నడుం దాటింది. పెళ్ళినాడు పూలజడ కుట్టడానికి వచ్చినావిడ “ఈ పిల్లకి సవరం అక్కర్లేదమ్మా” అంది. నాకు కడుపు పండలేదు. ఆ మాటకు మాత్రం కన్నతల్లిలా పొంగిపోయాను.

మా ఆయన తెనాలి నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. నేను అక్కడే కాయలు ఏరేదాన్ని. పండుకాయ ఒక కుప్ప, పచ్చికాయ ఒక కుప్ప, మచ్చకాయ మరో పక్క. ఆయన పోయాక కూడా నాకు అదే పని. చూపు ఎటున్నా, మాటల్లో ఉన్నా, మచ్చకాయ వేలికి తగిలితే దానంతటదే పక్కకు పోయేది. అలాంటి చెయ్యి నాది. స్నానం చేస్తుంటే నా రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం అదే చేత్తో చీర కప్పేశాను.

రొమ్ము అనే రాయి తల్లీ. ఇన్నాళ్ళూ గుండెల మీద గడ్డ అని చెప్పుకుంటూ వచ్చాను. అది విని మార్కెట్లో ఒకావిడ గుండెజబ్బు అనుకుని వెల్లుల్లి పాలు తాగమంది, తాగాను కూడా. మొగుడు పోయినదానికి అక్కడ రోగమేంటని లోకం అనుకుంటుందని నా భయం. డాక్టరుకు జాకెట్టు విప్పి చూపించాలంటే చచ్చిపోవడమే నయమనిపించేది.

మా ఆయన తద్దినానికి వచ్చి ఆడపడుచు కనిపెట్టింది. వడ్డిస్తుంటే నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది.

“జాకెట్టు మీద ఏంటి వదినా అది?”

“పులుసు పడింది.”

“పులుసు లోపల్నుంచి వస్తదా?”

నేను గరిటె కింద పెట్టలేదు. ఆమే లాక్కుని పక్కావిడకిచ్చి, నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. తన చేతులతోనే నా జాకెట్టు హుక్కులు పెట్టి, “రేపు పొద్దున్నే బయల్దేరాలి” అంది. తెనాలిలో చూపించింది, అక్కడివాళ్ళు గుంటూరు పంపించారు.

ఆ వైద్యం సాగినన్నాళ్ళూ ఆమె రేపల్లెలో అత్తవారింటి నుంచి మొదటి బండికి వచ్చేది. సెలైన్లో మందు ఎక్కించిన ప్రతిసారీ ఆమే. ఆపరేషన్ నాడు ఆమే. రేడియేషన్ కరెంటు పెట్టించిన రోజులన్నీ ఆమే. వాంతి వస్తే పళ్ళెం పట్టింది. ఒక పక్క తీసేశాక నేను జాకెట్టులో గుడ్డ ఉండ చేసి పెట్టుకుంటే అది నడుస్తుంటే చంకలోకి ఎగబాకేది. మార్కెట్లో వంగితే గడ్డం కిందికి వచ్చేది. ఆమె చూసి, పాత లంగా గుడ్డ కత్తిరించి, బరువు కోసం ఆవాలు పోసి చిన్న సంచీ కుట్టి తెచ్చింది.

“వానలో తడవకు వదినా, మొలకలొస్తాయి.”

“వస్తే?”

“ఏముంది, ఎండాకాలం దాకా దాచుకుని ఆవకాయ పెట్టుకోవచ్చు.”

కుట్లు లాగుతున్నా పొట్ట పట్టుకుని నవ్వాను. రోగంలో అంత నవ్వు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మందులకు నా జుట్టు ఊడిపోయింది. అప్పుడే ఆమె మొక్కుకుంది, నాకు చెప్పకుండా. మా వదినకు పూర్తిగా నయమైతే తలనీలాలు ఇస్తానని. వైద్యం ముగిసి, ఇక మూడు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకోండి అని డాక్టరమ్మ చెప్పి పంపించింది. మేం విన్నది “ముగిసింది” అన్న ముక్క ఒక్కటే. ఆ నెలలోనే ఆమె కొండకు వెళ్ళింది. వాళ్ళాయన మొత్తుకున్నాడట, “పసుపూ కుంకంతో ఉన్న ఆడదానికి గుండేంటే, మూడు కత్తెర్లు ఇస్తే చాలుగా, అందరూ అంతేగా” అని. ఆమె, “మూడు కత్తెర్లకి మొక్కలేదు, తలకి మొక్కాను” అందట.

కొండ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చింది. గంధం పూసిన గుండుతో గుమ్మంలో నిలబడి, “చూడు వదినా, పేలు తీసే బాధ తప్పింది నీకు” అంది. నాకు అప్పుడప్పుడే కోడిపిల్లకు వచ్చినట్టు నూగు వస్తోంది. ఇద్దరం వాకిట్లో కూర్చుని ప్రసాదం పంచుతుంటే ఎదురింటావిడ “ఏ మఠంలో చేరారమ్మా వదినా మరదళ్ళు” అని నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాను. నేను పెంచిన జుట్టది. నా కోసం పోయింది.

ఇక పరీక్షలకు వెళ్ళలేదు. ఎందుకంటే, నాతో కాయలు ఏరే మనిషి ఒకతె, “మొక్కు చెల్లించాక కూడా పరీక్షలంటే దేవుణ్ణి అనుమానించినట్టు కాదా పిన్నీ?” అంది. నిజమే అనిపించింది. అంతకన్నా నిజం ఏంటంటే, నాకు వెళ్ళాలని లేదు, ఆ మాట నాకు సాయం వచ్చింది. ఆడపడుచు అడిగితే వెళ్ళాననే చెప్పాను.

నడుం నొప్పి మొదలైంది. రోజంతా వంగి కూర్చునే పని కదా, పని నొప్పి అనుకున్నాను. మందుపట్టీలు వేశాను. వేడినీళ్ళు పోసుకున్నాను. దగ్గితే కళ్ళు బైర్లు కమ్మే దాకా వచ్చాక ఒక్కదాన్నే బస్సెక్కి గుంటూరు పోయాను. స్కానింగ్ తీసి, ఎముకల్లోకి పాకిందని చెప్పారు.

“కోసి తీసెయ్యండమ్మా,” అన్నాను డాక్టరమ్మతో.

“తీసేసేది కాదమ్మా ఇది. మందులతో అదుపులో పెట్టుకోవాలి.”

“ఎన్నాళ్ళండి?”

“ఈ మందు పనిచేసినన్నాళ్ళు ఇది. తరవాత ఇంకోటి చూద్దాం.”

“అయితే ఇక అయిపోదా అండి?”

“పూర్తిగా పోదు. కానీ దీంతోనే పని చేసుకుంటూ బతికేవాళ్ళు ఉన్నారు.”

నేను చెప్పులు చూసుకుంటూ, మొక్కులో ఏదైనా లోపం జరిగి ఉంటుందా అని అడిగాను. జుట్టు సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“జుట్టు ఇవ్వడంలో లోపం ఏం లేదమ్మా. పరీక్షలకు రాకపోవడం మాత్రం పొరపాటే. వచ్చి ఉంటే ఇది ఆగేదని నేను చెప్పలేను. నొప్పి మాత్రం ఇంత ముదరనిచ్చేదాన్ని కాదు.”

ఆ మాట సగం ఊరడించింది, సగం కోసింది.

ఈసారి మందుకు జుట్టు ఊడలేదు. అదే నా కొంప ముంచింది. తలమీద జుట్టుంది, చేతిలో పని ఉంది, ఎవరికి అనుమానం వస్తుంది? మొదటిసారి ఊరంతా వచ్చింది, బత్తాయిలు తెచ్చారు, బార్లీ తెచ్చారు. ఈ రెండోదాన్ని ఏమని చెప్పను? తగ్గించుకోలేకపోయానని చెప్పాలా? చుట్టాలకు చెబితే ఆడపడుచుకు తెలుస్తుంది. ఆమెకు తెలిస్తే ఏమవుతుంది? “నా జుట్టు వృథా అయింది” అనదు. అలా అనే మనిషి కాదు. అనదు కాబట్టే భయం. కొంగు సర్దుకుని “పద వదినా” అంటుంది. మళ్ళీ మొదటి బండి. మళ్ళీ పళ్ళెం పట్టడం. ఈసారి దానికి చివర లేదు. ఏ ముఖం పెట్టుకుని రమ్మనను?

నెలనెలా ఎముకల బలానికి ఇంజెక్షన్ ఎక్కిస్తారు. వెళ్ళిన ప్రతిసారీ నర్సు అడిగేది, “మీ వెంట ఎవరొచ్చారమ్మా?” అని.

“బయట టీ తాగుతున్నారండి.”

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి సూది గుచ్చుతూ, “మీవాళ్ళు టీ తాగడానికే వస్తారామ్మా గుంటూరు?” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా ముఖం మాడిపోయింది. అప్పుడు పక్క మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటున్న మనిషి, “నేనేనమ్మా ఆ టీ తాగొచ్చింది. ఆమె నాకు తోడు, నేను ఆమెకి తోడు” అంది. ఆమె ఎవరో నాకు తెలియదు. నిజాంపట్నంలో ఎండుచేపల బేరం చేస్తుందట. నర్సు అటు వెళ్ళాక అడిగింది.

“నిజంగా ఎవరూ లేరా అక్కా?”

“ఉంది. ఆడపడుచు.”

“చెప్పలేదా?”

“సిగ్గేసింది.”

“రోగానికి సిగ్గేంటి?”

“రోగం వచ్చినందుకు కాదు. తగ్గనందుకు.”

ఆమె సెలైన్ గొట్టం పక్కకు జరుపుకుని నా వైపు తిరిగింది. తరవాత, “నాకూ అంతే. మా పేటలో ఎదురుపడితే ‘ఇంకా మందులేనా’ అంటారు. పని ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నట్టు చూస్తారు. అటు చచ్చిందీ కాదు, ఇటు బాగుపడిందీ కాదు, దీంతో ఏం మాట్లాడాలని వాళ్ళకీ తెలియదు” అంది. ఆ మాట నా కడుపులోంచి తీసి చెప్పినట్టుంది. తరవాత నెల ఆమె వస్తుందని చూశాను. ఆమెకు వేరే రోజు వేశారట. మళ్ళీ కనబడలేదు.

ఆ నిజాంపట్నం మనిషి కలిసిన మరుసటి వారమే ఆడపడుచు నన్ను చూడటానికి వచ్చింది. పులిహోర కట్టుకొచ్చింది. తింటున్నంతసేపూ నా ముఖం చూస్తూనే ఉంది, చిక్కావు వదినా అంటుంది, మళ్ళీ చూస్తుంది. కిటికీ గాలికి ఆమె పొట్టి జుట్టు చెవుల దగ్గర లేస్తోంది, ఇంకా జడకు అందదు. ఇంకో నిమిషం ఉంటే నోరు జారుతానని, బండికి టైమైందని స్టేషన్‌కు తీసుకుపోయాను. రావద్దన్న మాట అక్కడే అన్నాను.

ఎండలు ముదిరాక ఒకరోజు మార్కెట్లో కుప్ప ముందు కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి. తోటి ఆడవాళ్ళు నా ఫోను తీసి, బాపట్లలో ఉన్న ఈ పిల్లకు చేశారు. వచ్చింది, ఆసుపత్రిలో చూపించింది, నడుముకు బెల్టు వేయించి ఇక్కడికి తెచ్చింది. మెట్లెక్కలేకపోతే అల్లుడు ఎత్తుకుని తెచ్చాడు. అల్లుడు ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునే దాన్ని, అతని మెడ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. “బరువేం లేవత్తయ్యా, బియ్యం బస్తా అంత కూడా లేవు” అన్నాడు పాపం, నన్ను నవ్వించడానికి.

స్నానం చేయించేది ఈ పిల్లే. మొదటిరోజు నేను చెయ్యి అడ్డం పెట్టుకుంటే చెయ్యి తీసేసి సబ్బు రాసింది. ఆవాల సంచీ ఉతికి తీగ మీద ఆరేస్తూ, “ఇది అమ్మ కుట్టిందేగా? కుట్టు తెలుస్తోంది” అంది. అప్పుడు అంతా చెప్పాను.

“అమ్మకి చెప్పనా అత్తా?”

“చెబితే వెళ్ళిపోతా.”

“ఎలా వెళ్తావు? లేవడానికే నన్ను పిలవాలిగా.”

అయినా చెప్పలేదు. అత్త మాట మీద నిలబడింది. కానీ మొన్న వాళ్ళమ్మ ఫోను చేసినప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తూ స్పీకరు పెట్టింది. కావాలనే పెట్టిందో, చేతులు ఖాళీ లేకో నేను అడగలేదు. నేను గది బయట కుర్చీలో ఉన్నాను. ఆ గొంతు ఇల్లంతా వినబడింది.

“మీ అత్త ఫోనెత్తట్లేదే. నందివెలుగులో తాళం ఉందంట. నీకేమన్నా తెలుసా?”

“బాగానే ఉందిలే అమ్మా.”

“నాకు తెలుసులే, నా మీద కోపం. జుట్టిచ్చానని నేను ఎక్కడ దెప్పుతానో అని. నేను ఒక్కసారన్నా ఆ ఊసెత్తానా? రేపల్లెలో ముత్తైదువలందరూ ఈ గుండేంటని అడిగితే, పేలు పడ్డాయని చెప్పానే గానీ వదిన పేరెత్తలేదు. జుట్టుదేముంది, గడ్డిలాగా వస్తది. నన్ను రావద్దంది చూడు, అదే మింగుడుపడట్లేదు నాకు.”

చిక్కుడుకాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. పిల్ల తల ఎత్తి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

నేను ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె తన తప్పేంటో వెతుక్కుంటూ కూర్చుంది. ఆ జుట్టు దేవుడికి నా రోగం కోసం ఇచ్చిందని నేను లెక్కేసుకుంటున్నాను, ఆమె మాత్రం నాకు ఇచ్చానని అనుకుంది. ఇచ్చింది నాకైతే, అది నాకు ముట్టింది. రోగం తిరిగొస్తే మాత్రం అది ఎక్కడికి పోతుంది?

నిన్న ఈ పిల్ల, “వచ్చే వారం ఇంజెక్షన్‌కి ఎవరొస్తారత్తా? నాకు బడిలో సెలవులన్నీ అయిపోయాయి” అంది. ఆటో అబ్బాయికి చెప్పి పంపమన్నాను. “ఎవరొచ్చారని అడిగితే ఆటో అబ్బాయి టీ తాగుతున్నాడని చెబుతావా?” అంది. అందుకే ఇదంతా చెబుతున్నాను.

ఇది అచ్చువేస్తే చదివేవాళ్ళు ఉంటారట. వాళ్ళకు నేను చెప్పేది ఇదే. మీ ఇంట్లోనో వీధిలోనో నాలాంటిది ఉంటే, తగ్గిందా అని అడగకండి. తగ్గలేదని చెప్పడానికి మాకు ముఖం చెల్లదు, తగ్గిందని అబద్ధమాడి ఒంటరిగా బస్సెక్కుతాం. ఇవాళ ఎలా ఉందని అడగండి చాలు. బత్తాయిలు మొదటిసారే తిన్నాం. ఇప్పుడు కావలసింది ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చునే మనిషి. ఒకరే చివరిదాకా రాలేరు, అది మాకూ తెలుసు. వంతులు వేసుకుని రండి. ఆసుపత్రివాళ్ళు కూడా, ఎవరొచ్చారని అడిగి ఊరుకోకుండా, ఎవరూ రానిదాన్ని ఇంకో ఎవరూ రానిదాని పక్కన కూర్చోబెడితే బాగుండు. ఆ నిజాంపట్నం మనిషికీ నాకూ ఒకే రోజు వేస్తే ఇద్దరికీ సరిపోయేది.

లోకానికి చెప్పడం సులువుగానే ఉంది. మీ అమ్మకు చెప్పడమే రావట్లేదు. ఇంకో వాక్యం రాయి తల్లీ. అమ్మాయ్, నాకు మళ్ళీ వచ్చింది, ఈసారి పోదు. నీ జుట్టు పెరిగేదాకా దాద్దామనుకున్నాను, నా వల్ల కాలేదు. వచ్చే వారం గుంటూరు వెళ్ళాలి. తోడు రా.

రాశావా? ఆదివారం రేపల్లె వెళ్ళి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి నువ్వే చదువు. ఫోన్లో చదవకు. నేనెక్కడైనా నన్ను నేను మంచిదాన్ని చేసుకుని చెప్పానేమో ముందు నేను వినాలి. ఏదీ, ఆ కిటికీ దగ్గరి మాటల నుంచి మొదలుపెట్టి చదివి వినిపించు. రావద్దన్న చోట గొంతు తగ్గించకు, నేను అన్నట్టే చదువు.